మరమనిషికి వెట్టిచేయు మనిషి

ప్రాగు నగరమందలి జాతీయ నాటకశాలలో 1921వ సంవత్సరము జనవరి నెలలో కారెల్ చాపెక్ అను చెకు రచయిత నాటకమొకటి ప్రదర్శింపబడెను. మనుష్యుడు చేయు పనులన్నియు తామే చేయుటకై కర్మాగారములో తయారైన కృత్రిమ జీవులు అందలి పాత్రలు. వానికేమి పేరు పెట్టవలెనో తోచక రచయిత తన యన్నయగు జోసెఫు నడుగగా, చిత్రకారుడైన యాయన ‘రోబోట్’ అను పేరు సూచించెను. చెకు భాషలో ‘రొబొత’ యనగా రైతు తన భూస్వామికి కూలి లేకుండ చేసిపెట్టవలసిన చాకిరి. ఆస్ట్రియా సామ్రాజ్యములో 1848 వరకు నీ యాచారము చట్టసమ్మతమై యుండెను. దీనికి తెలుగున తగిన మాటకై నిఘంటువులు తిరుగవేయ నక్కరలేదు. నైజాము రాజ్యమున దొరల గడీల నీడలో బ్రతికిన ప్రతి పల్లెయు ఆ మాట నెఱుగును. అది వెట్టి.

మొన్న నీ మాట మాకు మరల జ్ఞప్తికి వచ్చినది. మా మేనల్లుడొకడు హైదరాబాదులోని యొక విద్యాసంస్థయందు రోబోలను గూర్చి డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయుచున్నాడు. వయస్సు ఇరువదియేడు, పరిశోధనలో నిది నాల్గవ సంవత్సరము. కోర్టు పనిమీద నగరమునకు పోయిన మేము రాత్రి తొమ్మిది గంటలవేళ వానిని చూచుటకు ప్రయోగశాలకే పోవలసివచ్చినది. వాడు గదియొద్ద దొరకుట యరుదు. ఒక బల్ల, దానికి బిగించిన యినుప బాహువు, పైన రెండు కెమెరాలు, బల్లమీద నాలుగైదు డబ్బాలు, సీసాలు. బాహువు మెల్లగ వంగి యొక డబ్బాను పట్టుకొనబోయి, దానిని ప్రక్కకు నెట్టివేసి, ఏమియు జరుగనట్లు పైకి లేచినది. మేనల్లుడు లేచి, డబ్బాను మొదటి గుర్తుమీద నిలిపి, కాగితముపై సున్న చుట్టి, మీట నొక్కెను. మరల నదే తంతు. ఈసారి పట్టుకొన్నది. కాగితముపై ఒకటి వేసెను.

“ఇది ఎన్నోసారిరా?” అని యడిగితిమి.

“అరవై మూడు, మామయ్యా. వంద పూర్తి కావాలి. ఎల్లుండి మధ్యాహ్నంలోపల వ్యాసం పంపాలి.”

ఆ గదిలో దొర యెవరో వెట్టివాడెవరో మాకు కొంతసేపు బోధపడలేదు.

రోబో యనగానే మన పట్టణవాసుల మనస్సున మెదలునది వెండితెరపై పరుగులెత్తు మరమనిషి. మన యాంధ్రదేశమున నీ శాస్త్రమునకు సంబంధించి గర్వింపదగిన చరిత్రయు కలదు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు గిండీ యింజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాకు పోయి, అటనుండి స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నెలకొల్పబడిన రోబోటిక్సు సంస్థకు ప్రథమాధ్యక్షులైరి. 1994లో ట్యూరింగు బహుమానమును పంచుకొనిరి. ఈ సంగతిని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొను పెద్దలు మనకు కొఱతలేదు. ఆ శాస్త్రమునందే నేడు తొలి మెట్టుమీద నిలిచిన యువకుని దినచర్య యెట్టిదో యడిగిన పెద్ద నొక్కని మేము చూడలేదు. కావున మేమే యడిగితిమి.

మొదట నీ పని యేల కష్టమో తెలిసికొనవలెను. 1997లో ‘డీప్ బ్లూ’ అను యంత్రము చదరంగమున ప్రపంచవిజేతయగు కాస్పరోవ్‌ను ఓడించినది. ఆ యాటలో పావులను బల్లపై కదపినది మాత్రము యంత్రముప్రక్కన కూర్చున్న మనిషి. చదరంగమువంటి బుద్ధికార్యములు యంత్రమునకు సులువనియు, ఏడాది నిండిన బిడ్డ చేయు చూపు, నడక, పట్టు వానికి మహాకష్టమనియు హాన్స్ మొరావెక్ అను పరిశోధకుడు 1988 నాటికే వ్రాసియుండెను. 2019లో నొక ధనికసంస్థవారు రంగుల ఘనమును తిప్పి సరిచేయు రోబోహస్తమును తయారుచేసిరి. కంప్యూటరులోని మాయాప్రపంచమున దానికి పదుమూడు వేల యేండ్లకు సమానమైన శిక్షణ నిచ్చిరి. అంతయు నిచ్చినను, మిక్కిలి చిక్కుపడిన ఘనమును నూటికి ఇరువదిసారులు మాత్రమే అది సరిచేయగలిగినది. రెండేండ్లలో ఆ సంస్థవారు తమ రోబో విభాగమునే మూసివేసిరి.

మాయాప్రపంచమని ఊరక యనలేదు. ఈ యువకులు తమ యాలోచనను ముందుగా కంప్యూటరులోనే పరీక్షింతురు. అందు బల్ల కదలదు, తీగ తెగదు, మోటారు వేడెక్కదు. అచట నూటికి తొంబదియైదు గెలిచిన బాహువు నిజమైన బల్లయొద్దకు వచ్చుసరికి నలువదికి దిగును. ఆ నలువదిని డెబ్బదికి పెంచుటయే మా మేనల్లుని జీవితములో గడచిన పదునాలుగు నెలలు. కెమెరా వెండ్రుకవాసి కదలినచో లెక్క లన్నియు తప్పును. మధ్యాహ్నపు టెండ కిటికీనుండి బల్లపై పడినచో చూపు చెడును. అందుకే రాత్రిపూట పని. ఒకనాడు బాహువు పట్టు సడలుటకు కారణము కనుగొనుటకై పదునొకండు దినములు ప్రోగ్రామును పంక్తిపంక్తిగా వెదకి, తుదకు వేలి కొసనున్న రబ్బరు అరిగినదని గ్రహించెనట. ఆ పదునొకండు దినములకు వ్యాసములో నొక వాక్యమునకైనను చోటులేదు.

ఇక సామగ్రి సంగతి. ఈ శాస్త్రములో మెచ్చదగిన యాచారమొకటి కలదు. 2007లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన ‘రాస్’ అను ప్రోగ్రాముల సంపుటిని ప్రపంచమంతటి పరిశోధకులు ఉచితముగ వాడుకొనుచు, తాము వ్రాసినది అందే చేర్చుచున్నారు. ఊరుమ్మడి చెఱువువంటి దీ యేర్పాటు. కాని ఆ చెఱువుకును పూడిక తీయువారు కావలెను. రాస్ మొదటి తరమునకు తుది మద్దతు 2025 మే నెలతో ముగిసినది. పాత యంత్రములు గల ప్రయోగశాలలలో, ఎవరో పూర్వవిద్యార్థి వ్రాసిపోయిన దానిని క్రొత్త తరమునకు మాఱ్చి వ్రాయు చాకిరి నేటి విద్యార్థి నెత్తిపై పడినది. పెక్కు పరిశోధనాలయములు ముచ్చటపడి కొన్న జర్మను బాహువును తయారుచేయు కంపెనీ 2023లో దివాలా తీసి మఱియొకరి చేతిలోనికి పోయినది. యంత్రము చెడిన నెవరి నడుగవలెనో తెలియక విద్యార్థులు కొంతకాల మల్లాడిరి.

మా మేనల్లుని బాహువులో నొక మోటారు గత సంవత్సరము కాలిపోయినది. మేము వకీలువృత్తిలో నుండి దస్తావేజుల యాలస్యమునకు అలవాటుపడినవారమే గాని, ఆ మోటారు చరిత్ర విని మాకును ఆశ్చర్యము కలిగినది. అది విదేశమునుండి రావలెను. మొదట మూడు కొటేషను లడిగిరి; ఆ వస్తువు నమ్మువాడు లోకములో నొక్కడే. ఒక్కడే యని ధ్రువపత్రము వ్రాసి యియ్యవలెను. అది కమిటీకి పోవలెను. కమిటీలో నొక సభ్యుడు సెలవులో నుండెను. తర్వాత ప్రభుత్వ కొనుగోలు తెరలో ఆ వస్తువు దొరకదని మఱియొక పత్రము. తర్వాత రేవులో సుంకము. మోటారు బల్లమీదికి వచ్చుటకు ఏడు నెలలు పట్టినది. ఈలోపల ఇరువదియాఱేండ్ల యువకుడు గణితము విడిచి గుమాస్తా పని నేర్చుకొనెను. వాడు వ్రాసిన నోట్లు చూచితిమి. మా యొద్ద పదేండ్లు పనిచేసిన గుమాస్తా యంత చక్కగ వ్రాయలేడు. ఆ సంస్థ పేరు చెప్పము. చెప్పిననేమి, చెప్పకున్ననేమి, ఈ కథ ఏ యొక్క సంస్థదియు కాదు.

ప్రభుత్వము వారేమియు చేయలేదని మేమనము. పరిశోధనోపకరణములపై 2022 జూలైలో జీఎస్టీని 5 శాతమునుండి 18 శాతమునకు పెంచినది వారే. 2025 జూన్‌లో కొటేషనులు లేకుండ కొనదగిన పరిమితిని లక్షనుండి రెండు లక్షలకు పెంచి, శాస్త్రసంస్థల యధిపతులకు ఆ కొనుగోలు తెరకు వెలుపల కొను స్వేచ్ఛ నిచ్చినదియు వారే. మొదటి చర్య గాయము, రెండవది కట్టు. కట్టు కట్టినందుకు కృతజ్ఞులము.

భృతి విషయము చెప్పుటకు సంకోచముగ నున్నది. కాని కడుపు మాట చెప్పక తప్పదు. ప్రభుత్వ పరిశోధకభృతి 2014లో మొదటి రెండేండ్లకు నెలకు 25,000, పిదప 28,000 రూపాయలు. 2018 చివరను దేశమంతట పరిశోధక విద్యార్థులు వీధులకెక్కినమీదట 2019లో 31,000, 35,000 అయినది. 2023 జనవరినుండి వర్తించునట్లు 37,000, 42,000 అయినది. ఇంటియద్దె భత్యము వేఱు. 2018లో ప్రవేశపెట్టిన ప్రధానమంత్రి భృతి 70,000 మొదలుకొని 80,000 వరకు కలదు గాని, అది ఏరికూర్చిన కొందఱికే. ఒకే దేశము, ఒకే డాక్టరేటు, ప్రక్కప్రక్క బల్లలు; ఒకనికి రెండవవానిలో సగము. అంతకన్న కష్టమైనది భృతి మొత్తము కాదు, అది వచ్చు తేదీ. మా వాడికి నిరుడు నాలుగు నెలలు రాలేదు. ఐదవనెల నాలుగింటిదియు కలిపి వచ్చినది. ఆ నాలుగు నెలలు వాని తండ్రి, రిటైరైన బడిపంతులు, తన పింఛనునుండి గదియద్దె కట్టెను. న్యాయమూర్తులకు, కలెక్టర్లకు నాలుగు నెలల జీత మొక్కసారి యిచ్చి చూచినచో ఈ యేర్పాటులోని సౌకర్యము మన పాలకులకు తెలియవచ్చును. రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. పనికి ప్రతిఫలము వేళకు రాకుంటను ఆ యధికరణముక్రిందికి తెత్తునని మేము వాదింపము గాని, అట్టి తలపు రాలేదని మాత్రము చెప్పలేము.

ఇన్నింటికిని నడుమ వ్యాసములు. ఈ శాస్త్రమున పత్రికలకన్న వార్షిక సమావేశములకు గౌరవ మెక్కువ. 1984లో మొదలైన ‘ఇక్రా’ అను మహాసమావేశము 2023లో లండనులో, 2024లో యొకొహామాలో, 2025లో అట్లాంటాలో జరిగినది. వ్యాసములు పంపు గడువు సాధారణముగ సెప్టెంబరు నడుమ, అమెరికా పశ్చిమతీరపు అర్ధరాత్రి; మనకది మరునాటి మధ్యాహ్నము పన్నెండున్నర. వినాయకచవితి పూజ యా దినములలోనే వచ్చుట మా మేనల్లుని తల్లికి దుఃఖకారణము. వ్యాస మంగీకరింపబడినచో సంతోషము ఒకపూట. మరునాటినుండి విమానపు టికెట్టు, ప్రవేశరుసుము, వీసా. తన వ్యాసమును తాను చదువలేక, అమెరికాలోనున్న మిత్రునిచే చదివించిన యువకు నొకని ఆ ప్రయోగశాలలోనే చూచితిమి. వీసాకై పిలుపు వచ్చునప్పటికి సమావేశము ముగిసినదట.

ఇప్పుడు మాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి చెప్పెదము. బల్లమీద నున్న డబ్బా లేమిటివని యడిగితిమి. ఒకటి బిస్కెట్టులవంటి యమెరికా చిరుతిండి పెట్టె, ఒకటి మాంసపు డబ్బా, ఒకటి ఆవపచ్చడి సీసా, ఒకటి టమాటా రసపు డబ్బా. ఇవి 2015లో మూడు అమెరికా విశ్వవిద్యాలయములవారు కూర్చిన వస్తుసముదాయము. ప్రపంచమంతటి పరిశోధకులు వీనినే పట్టించి, ఎవరి బాహువు మేలో పోల్చుకొందురు. పోలికకు కొలబద్ద కావలెననుటలో తప్పులేదు. వారు తమ వంటింటినుండి కొలబద్ద చేసికొనిరి, అందును తప్పులేదు. కాని తెలుగుదేశపు పిల్లవాడు హైదరాబాదులో రాత్రి తొమ్మిదింటికి మాంసపు డబ్బాను నూఱుసారులు నిలబెట్టుచుండ చూచి మాకు నవ్వును కాక ఏడ్పును కాక యేదో వచ్చినది.

“మనింట్లో స్టీలు చెంబు పట్టించు, చూద్దాం” అంటిమి.

“పట్టదు మామయ్యా” అని వాడు నవ్వి విషయము చెప్పెను. దూరము కొలుచు కెమెరా కంటికి కనబడని కాంతిని వస్తువుపై ప్రసరింపజేసి, తిరిగివచ్చిన దానినిబట్టి ఎంత దూరమో లెక్కకట్టును. అట్టడబ్బాపై పడిన కాంతి చక్కగ తిరిగివచ్చును. తళతళలాడు స్టీలుపై పడినది ఎటో జాఱిపోవును. గాజుగ్లాసు సంగతియు నింతే. కావున చెంబున్న తావున కెమెరాకు చెంబు కనబడదు. బల్లలో నొక చిల్లి కనబడును. మన వంటింటిలో కుడిప్రక్క నెడమప్రక్క నున్నదంతయు స్టీలే. అనగా పడమటి వంటింటిలో చూపుగల యంత్రము మన వంటింటిలో గ్రుడ్డిది. ముసలితనమున చేయి వణకు మన తల్లులకు నీళ్లచెంబందించు రోబో కావలెనన్నచో, ఈ ప్రశ్నకు సమాధానము మనవారే వెదకవలెను. ప్రశ్నయు మంచిది, కష్టమైనది, శాస్త్రీయమైనది.

“మఱి దానిమీద వ్రాయవేమి?”

“చెంబుమీద రాస్తే ఎవరితో పోల్చాలి? వాళ్ళ దగ్గర చెంబు లేదు కదా. పోలిక లేదని సమీక్షకుడు తిప్పిపంపుతాడు. నాకు ఇంకొక్క ఏడాదే ఉంది.”

మేము మఱుమాటాడలేదు. మా వృత్తిలోను నజీరు లేని వాదమును న్యాయమూర్తి వినడు. లండను ప్రీవీకౌన్సిలు తీర్పులను వల్లించి మన పొలముల తగవులు తీర్చుకొన్న కాలము మాకు పూర్వపు వకీళ్లకు తెలియనిది కాదు. పిల్లవానిపై మాకు కోపము రాలేదు. వాని స్థానములో మేమున్నను మాంసపు డబ్బానే నిలబెట్టియుందుము. కోపము వచ్చినది వేఱొకచోట. మన దేశమున నిన్ని ఐఐటీలు, హైదరాబాదులో 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ, దానిలో రోబోలకే యొక పరిశోధనకేంద్రము. ఈ సంస్థల యాచార్యు లొక్కనాడు కూర్చుండి, చెంబు, గరిటె, అప్పడాల కఱ్ఱ, ఆవకాయ జాడీ, ప్లాస్టిక్కు బిందె, అరటిపండ్ల అత్తము చేర్చి యొక సముదాయమును నిర్ణయించి, దీనిపై చేసిన పనిని మేము డాక్టరేటునకును ఉద్యోగమునకును లెక్కకు తీసికొందుమని ప్రకటించినచో అయ్యెడి వ్యయ మెంత? బేగంబజారులో నొక పూట బేరము. లోకము మన సముదాయమును వాడునా యందురేమో. వాడును, ఏలయన నది కష్టమైనది. కష్టమైన పరీక్ష యెక్కడున్న నచ్చటికి ఈ శాస్త్రజ్ఞులు పరుగెత్తుకొని పోవుదురు.

కోట్ల చేతులున్న దేశమునకు కృత్రిమహస్త మెందులకని కొందఱు మిత్రులు మమ్మడుగుదురు. తీసివేయదగిన ప్రశ్న కాదు. గాంధీమహాత్ముడు 1924లో నిట్టి ప్రశ్నకే సమాధానమిచ్చుచు, తన వైరము యంత్రముతో కాదనియు యంత్రవ్యామోహముతో ననియు చెప్పి, సింగరు కుట్టుమిషనును మినహాయించిరి. మేమా కొలతనే తీసికొందుము. మన నగరముల మురుగుగోతులలో నిప్పటికిని మనుష్యులు దిగుచున్నారు, విషవాయువున చచ్చుచున్నారు. 2013లో చట్టము వచ్చినది. అట్టి మరణమునకు పరిహారము 30 లక్షలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో నిర్ణయించి, ఈ పనిని సమూలముగ నిర్మూలింపుమని యాజ్ఞాపించినది. తీర్పు చదివినవాడను, తీర్పు గోతిలో దిగి బురద తీయలేదని యెఱిగినవాడను. 2018లో కేరళ యువకులు కొందఱు మురుగుగోతులను శుభ్రపఱచు రోబోను తిరువనంతపురమున దింపిరి. చీకటి, తడి, అంటుకొను బురద, కంటికి కనబడని అడుగు: మా మేనల్లుని బల్లమీది కష్టములన్నియు అచట పదిరెట్లు. ఆ చేతిని నేర్పునకు తెచ్చువారు ఇట్టి పిల్లలే. తమిళనాడు బట్టలమిల్లులో కూలివాని కడుపు కొట్టు రోబోకును, గోతిలో వాని ప్రాణము నిలుపు రోబోకును తేడా యంత్రములో లేదు. దేనికై పరిశోధించుమని మన మడిగితిమో అందున్నది. ఇంతవరకు మన మేమియు నడుగలేదు.

అడుగకున్న నేమగుచున్నదో లెక్కలు చెప్పుచున్నవి. అంతర్జాతీయ రోబోటిక్సు సమాఖ్య లెక్కల ప్రకారము 2023లో చైనా కర్మాగారములలో క్రొత్తగ నిలిపిన రోబోలు 2,76,288. మన దేశమున 8,510. అమెరికావారి నాలుగుకాళ్ల రోబోను 2020లో 74,500 డాలర్లకు అమ్ముచుండ, మరు సంవత్సరమే చైనా కంపెనీ యొకటి 2,700 డాలర్లకు అట్టిదానిని బజారున పెట్టినది. నేడు మన ప్రయోగశాలలలో పిల్లలు నడక నేర్పుచున్నది ఆ చైనా కుక్కకే. పరిశోధనాభివృద్ధులపై మన దేశము 2020–21లో వ్యయపఱచినది జాతీయోత్పత్తిలో 0.64 శాతము. 2023లో క్రొత్త పరిశోధనానిధికై చట్టము చేసిరి. అదే యేట రోబోటిక్సుకై జాతీయవ్యూహపు ముసాయిదాను ప్రచురించిరి. ముసాయిదాలో లక్ష్యములు ఘనముగనే యున్నవి.

డాక్టరేటు పూర్తియైన పిదప మా వాడేమి చేయును? మన దేశమున నాచార్యపదవికి విదేశమున రెండేండ్లు పనిచేసి రమ్మందురు. విదేశములోను నెమ్మది లేదు. గూగులు మాతృసంస్థ తన రోబో విభాగ మొకదానిని 2023లో మూసివేసినది. 2025 సెప్టెంబరున అమెరికా ప్రభుత్వము క్రొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించినది. పోవు ద్వారము ఇరుకైనప్పుడు ఇంటి తలుపు తెఱచుటకు మంచి సమయము. అందుకు భవనము లక్కరలేదు. భృతి ప్రతినెల ఒకటవ తేదీన పడవలెను. ప్రతి ప్రయోగశాలకు నొక నైపుణ్యముగల మెకానిక్కును శాశ్వతోద్యోగిగ నియమింపవలెను. ఇప్పు డా పనియు పరిశోధకునిదే. అరిగిన రబ్బరును కనుగొన్న పదునొకండు దినములను వ్రాసి ముద్రింప నొక పత్రిక కావలెను. లేకున్న రేపు మదరాసులో మఱియొకడు ఆ పదునొకండు దినములనే మరల పోగొట్టుకొనును.

మేము లేచునప్పటికి పదునొకండు గంటలు దాటినది. తొంబది నాలుగవ ప్రయత్నము నడుచుచున్నది. కుర్చీ వెనుకకు జరుపుచు బల్లక్రింద నొక గుడ్డసంచిని చూచితిమి. అందు రెండు స్టీలు చెంబులు, ఒక గ్లాసు. “ఇవెక్కడివిరా?” అంటిమి.

“అమ్మ పంపింది మామయ్యా, నేనే అడిగా. ఈ వ్యాసం అయ్యాక మొదలుపెడదామని.”

ఎప్పుడు పంపినదని యడుగగా, రెండవ సంవత్సరములో నని చెప్పి, డబ్బాను గుర్తుమీద నిలుపుటకు లేచెను.